మొదటి ముద్దాయి డ్యూటీలో ఉంది

హలో… ఆ, నేనే. నా ఫోను నేను కాక ఇంకెవరెత్తుతారు…

గొంతుకేం కాలేదు. కావాలనే తగ్గించా. మెట్ల మీద ఉన్నా…

మన మెట్లే. మేడమీదకెళ్ళేవి. సగంలో కూర్చున్నా…

ఎక్కనూ లేదు, దిగనూ లేదు. సగమంటే అదేగా మరి. నువ్వెక్కడ, మందుల కౌంటర్లోనే ఉన్నావా… అయితే ఆ చీటీలవాళ్ళని పక్కావిడకి అప్పజెప్పి వెనక గదిలోకి వెళ్ళు. వెళ్ళి కూర్చో…

ఎవరికీ ఏమీ కాలేదు తల్లీ. ఆసుపత్రివాళ్ళతో ఇదే చిక్కు. కూర్చోమంటే చాలు, ఎవరో పోయారనుకుంటారు…

ఆ, ఇంటి సంగతే. పొద్దున్నే వెళ్ళాను. తల దువ్వుకుని, నువ్వు చెప్పిన మాటలు నువ్వు చెప్పిన వరసలోనే బట్టీ పట్టి వెళ్ళాను. "అయ్యా, పాప బడి ఇక్కడికి దగ్గర. మా ఆవిడ ఆసుపత్రి వీధి దాటితే వచ్చేస్తుంది. నా కుట్టుమిషను కాళ్ళకింద రబ్బరు ముక్కలు వేయిస్తాను, చప్పుడు తగ్గుతుంది. మమ్మల్ని మాత్రం ఖాళీ చేయమనకండి." ఇంతేగా…

చెప్పలేదు…

అంటే, చెప్పేలోపు ఇంకోటి జరిగింది. ముందు నువ్వు కోప్పడనని చెప్పు… సరే, కోప్పడు. మెల్లిగా కోప్పడు. నీ గొంతు ఫోన్లోంచి మేడమీదకి వినబడేటట్టుంది.

చొక్కా ఇచ్చాను…

ఆయనకే. మేడమీద ఇంటి ఓనరు పెద్దాయనకే. బతిమాలుకోడానికి వట్టి చేతుల్తో వెళ్తే ఏం బావుంటుంది. దర్జీవాణ్ణి, నా చేతిలో ఉన్న విద్య అదొక్కటే. మంచి గుడ్డ తీసి, నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు కూర్చుని కుట్టాను. తలమీంచి తొడుక్కునే రకం. మెడ పట్టీ చూస్తే నువ్వే మెచ్చుకుందువు…

కొలతలా. అక్కడికే వస్తున్నా. అడిగి తీసుకుంటే ముందే తెలిసిపోతుంది కదా. అందుకని మేడమీద తీగ మీద ఆరేసిన చొక్కాకి టేపు పెట్టి, భుజం, చాతీ, చెయ్యి, అన్నీ చూసుకున్నా…

ఆయనది కాదట…

మొన్న వచ్చి వెళ్ళాడే మేనల్లుడు, ఆ సన్నటి కుర్రాడు… ఆ, కొడవలిలా వంగి ఉంటాడే, వాడిదట. మరచిపోయి వెళ్ళాడట.

నవ్వకు. ఆ గదిలో నువ్వుంటే తెలిసేది. పాపం మొహమాటానికి తొడుక్కున్నాడు. తల దూరింది, చేతులు మోచేతుల దాకా దూరాయి, అక్కడ ఆగిపోయాయి. పైకి రాదు, కిందికి పోదు. రెండు చేతులూ ఎత్తి, పట్టుబడ్డ దొంగలా నిలబడ్డాడు. గుడ్డలోపల్నించి ఏదో అంటున్నాడు. సరిగ్గా వినబడలేదు. వినబడకపోవడమే మేలైంది.

ఏం చేస్తాను. కత్తెర తెచ్చి కోశాను. నేను కుట్టిన చొక్కా, నా చేత్తో నేనే…

తర్వాత ఆయన లోపలికెళ్ళి ఒక రేకు బోర్డూ ఎర్రరంగు డబ్బా తెచ్చుకున్నాడు. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును." చేతిరాత మాత్రం ముత్యాలే. సాయంత్రం గేటుకి కడతాడట. ఇప్పుడది నా పక్కనే గోడకి ఆనించి ఉంది, ఆరడానికి. ఆరలేదని నా పంట్లాము చెప్తోంది…

ఏడవకు. అందుకే కూర్చోమన్నది. ఇంకా ఉంది.

బుడ్డమ్మా… బుడ్డమ్మ పైనే ఉంది. ఆయన దగ్గరే…

నేను పంపలేదు. బడినించి వచ్చింది, సంచీ పడేసింది, తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళింది. తాళం. "వీడియో ఆట పెట్టె అమ్మ లోపల పెట్టేసింది" అన్నా. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు, నిలబడి ఆలోచించింది. అది ఏడిస్తే నాకు బెంగ లేదే, ఆలోచిస్తేనే భయం. కాసేపాగి మొహం కడుక్కుంది, జడ వేయమంది, "తాతగారి దగ్గరికెళ్తున్నా" అని ఎక్కేసింది…

కొత్తేం కాదు. రోజూ వెళ్తుంది. నువ్వొచ్చేసరికి దిగిపోతుంది…

దాచలేదు. చెప్తే ఆట సంగతీ చెప్పాలి. ఆట పేరెత్తితే నువ్వు వినవు… చూశావా, ఇప్పుడూ వినవు. ఒక్క నిమిషం విను. నువ్వా ఆట ఎప్పుడైనా కూర్చుని చూశావా… వంటింట్లోంచి చూడటం చూడటం కాదు. నేను చూశాను. పక్కనే కూర్చుని కాజాలు కుడుతూ చూశాను. అందులో తుపాకులు లేవు, నరుక్కోవడాలు లేవు. ఒక చిన్న ఊరు. ఊరి చివర మన పాప. చేతిలో ఒక బొక్కెన, కాసిని విత్తనాలు, అంతే. ప్రతి గడప ముందూ అయిదేసి దీపాలు. అన్నీ ఆరి ఉంటాయి. ఆ ఇంటివాళ్ళకి మనమంటే ఇష్టం పుడితే ఒకటి వెలుగుతుంది. ఊరంతా వెలిగితే ఆట గెలిచినట్టు.

ఎలా వెలుగుతాయంటే… రోజూ వెళ్ళి పలకరించాలి. మానేస్తే వాళ్ళకి గుర్తుంటుంది. ఏదో ఒకటి ఇవ్వాలి. ఎవరికేది ఇష్టమో మాత్రం వాళ్ళు చెప్పరు. మాటల మధ్యలో మనమే పట్టుకోవాలి. చేప వాసన పడనివాడికి చేప తీసుకెళ్ళావనుకో, వెలిగింది కూడా ఆరిపోతుంది…

ఆ, ఆ. మనుషుల్తో మెలగడం బొమ్మల దగ్గర నేర్చుకోవాలా అంటావు. మరి మనిషి దగ్గర నేర్చుకున్నవాణ్ణి నేనేం చేశాను, చొక్కా ఇచ్చాను. బుడ్డమ్మ ముందే చెప్పింది కూడా. "నాన్నా, తాతగారికేది ఇష్టమో తెలీకుండా ఏమీ ఇవ్వకు" అని. నేను విన్నానా.

అవునే. ఆయన మన ఇల్లు ఖాళీ చేయమన్న రోజునించీ అది ఆయన దీపాల వెనకే పడింది. గులకరాయి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆయన కిటికీలోంచి బయటికి విసిరాడు. ఉల్లిపాయ ఇచ్చింది… మనదే, వంటింట్లోదే. వెనక్కిచ్చేశాడు. నా డబ్బాలోంచి కోటు గుండీ ఒకటి ఇచ్చింది. అది మాత్రం కాసేపు తిప్పి చూసి జేబులో వేసుకున్నాడట. "అర దీపం నాన్నా" అంది…

ఆటలో అర దీపాలు ఉండవు. అది దీని సొంత లెక్క.

ఉండు. కుర్చీ జరిపిన చప్పుడు… ఏమీ లేదు, ఏదో పెట్టె లాగుతున్నట్టున్నాడు. బుడ్డమ్మ మాట వినబడుతోంది. గడగడా చెప్తోంది. ఆయన "ఊఁ" అంటున్నాడు…

కసురుకోవడం కాదే, వింటున్న "ఊఁ". కసురుకునే "ఊఁ" నాకు తెలీదా, పొద్దున రెండుసార్లు విన్నాను.

ఏం తీసుకెళ్ళిందా… ఇవాళ వస్తువేమీ కాదు. తగువు తీసుకెళ్ళింది…

సరిగ్గానే విన్నావు. తగువే. మొన్నామధ్య పక్కింటి కవలలూ ఇదీ ఆయన కిటికీ కింద బంతి కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఆయన తల బయటికి పెట్టాడు. ఇంకేముంది, నీళ్ళు కుమ్మరిస్తాడనుకున్నా. "అందరూ ఒకేసారి కాదు. ముందు ఫిర్యాది చెప్పాలి, తర్వాత ముద్దాయి" అన్నాడు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ముగ్గురి మాటా విన్నాడు, బంతి ఎవరిదో తేల్చాడు, కిటికీ వేసుకున్నాడు. మనమైతే పీడా పోయిందనుకుంటాం. ఇది మాత్రం వచ్చి, "నాన్నా, తాతగారు కాలరు గుండీ పెట్టుకుని మరీ విన్నారు. ఆయనకి తగువులంటే ఇష్టం" అంది. తగువంటే ఇష్టమేమిటే అని నవ్వేశాను.

మర్నాడు వెళ్ళి అడిగిందట, మీరేం పని చేసేవారు అని. ఇన్నాళ్ళుగా ఉంటున్నాం, నువ్వడిగావా, నేనడిగానా. కోర్టులో టైపిస్టట. సర్వీసంతా జడ్జీలు చెప్తుంటే తీర్పులు టైపు కొట్టాడు. "అన్ని తీర్పులు కొట్టాను, ఒక్కటీ నాది కాదు" అన్నాడట. దానితోనే అన్నాడు, మనతో ఎందుకంటాడు.

అదీ సంగతి. ఇవాళ కేసు పట్టుకెళ్ళింది…

ఎవరి మీదేమిటి. నీ మీదే…

నీ మీదే. మొదటి ముద్దాయివి నువ్వు. సొంత బిడ్డ ఆట పెట్టె చెప్పాపెట్టకుండా బీరువాలో బంధించినందుకు… నేనా, నేను రెండో ముద్దాయిని. చూస్తూ ఊరుకున్నందుకు…

అరవకు. నిన్నెవరూ పట్టుకుపోరు. నేనే కదా ఇక్కడ…

అయ్యో, పిలుస్తున్నాడు. "రెండో ముద్దాయి హాజరు" అంటున్నాడు. మూడుసార్లు పిలవాలట, పిలుస్తున్నాడు. నువ్వు లైన్లోనే ఉండు. ఫోను జేబులో పెట్టుకుంటా… లేదు, చేత్తోనే పట్టుకుంటా. పెట్టేయకు.

వస్తున్నానండీ… ఆ, వచ్చానండీ…

పంట్లాము మీది రంగాండీ… మీ బోర్డేనండీ. చూసుకోలేదు…

నిలబడతానండీ, పర్లేదు…

ఫోనా… మొదటి ముద్దాయండీ. ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది. మాట్లాడొచ్చాండీ… చిత్తం.

విన్నావా, ప్రస్తుతానికి నువ్వు వినొచ్చట. నేను అడ్డంగా మాట్లాడకూడదట… గది ఏముంది, ఆయన బల్ల వెనకున్నాడు, కాలరు గుండీ పెట్టుకున్నాడు. బుడ్డమ్మ ముక్కాలిపీట ఎక్కి నిలబడింది. బల్లమీద పాతకాలం టైపు మిషను. ఆ లాగిన పెట్టె అదే. కాగితం ఎక్కించాడు… కొడుతున్నాడు. వినబడుతోందా… నా కుట్టుమిషను నయం కదూ. అబ్బే, మిమ్మల్ని కాదండీ. మా ఆవిడతోనండీ.

చెప్తానండీ. నిజమే చెప్తానండీ. అంతా నిజమే…

అవునండీ, తాళం పొద్దున వేసింది. నేను అక్కడే ఉన్నాను. కాఫీ తాగుతున్నాను. ఊరుకున్నాను. తప్పేనండీ…

ఎందుకు వేసిందంటే… తననే అడుగుతానండీ. ఎందుకు వేశావని అడుగుతున్నారు… ఊఁ… ఊఁ… కొంచెం నెమ్మదిగా, ఆయన కొట్టుకోవాలి. కళ్ళు పాడవుతాయంటోందండీ. హోంవర్కు చివరికి నెడుతోందంటోందండీ. అన్నం తింటూ కూడా మనసు దానిమీదే ఉంటుందంటోందండీ. పిలిస్తే పలకదంటోంది… అది నన్ను కాదండీ, పాపనే. నన్ను కూడానట. అది రాయకండి… రాసేశారా.

ఇంకా ఏమిటి… పళ్ళు. మొన్న పళ్ళు తోముకున్నానని చెప్పి ఆటలో కూర్చుందటండీ. బ్రష్షు ముట్టుకుంటే పొడిగా ఉందట…

పాపనడుగుతున్నారు… ఒప్పుకుంది. నిజమేనంది. తడుముకోలేదే, వెంటనే ఒప్పుకుంది. ఏమిటమ్మా… ఆటలో ఎవరి కంచె విరగ్గొట్టినా వాళ్ళ తలుపు కొట్టి మనమే చెప్పాలట. దాక్కుంటే ఊరందరి దీపాలూ మసకబారతాయట. పళ్ళ సంగతి రోజూ చెబుదామనుకుంటోందట, నువ్వు బాగా అలిసిపోయి వస్తున్నావట…

సరే, సరే. ఏడవకు. మళ్ళీ మొదలెట్టావా.

నా సాక్ష్యమాండీ. పాప తరఫునా, ఆవిడ తరఫునాండీ… ఎవరి తరఫునా కాదా. చిత్తం. ఆ ఆటవల్ల దీనికి ఏం వచ్చిందని అడుగుతున్నారు. చెప్తానండీ. నాకు మాటలు పేర్చడం రాదు, తోచింది చెప్తా.

విత్తనం వేసి రోజూ తవ్వి చూసేదండీ మొదట్లో, మొలకొచ్చిందా అని. ఒక్కటీ మొలవలేదు. ఇప్పుడు తవ్వదు. నీళ్ళు పోసి వచ్చేస్తుంది. నేను గుడ్డ కత్తిరిస్తుంటే పక్కన నిలబడి "అయిందా, అయిందా" అని ప్రాణం తోడేది కదండీ, ఇప్పుడు అడగదు. కూర్చుని చూస్తుంది.

ఇంకొకటి… ఇది చెప్పనా వద్దా అని చూస్తున్నానండీ. ఫోన్లో వింటోంది ఆవిడ… నిజమే చెప్పాలంటారు. సరే. ఒసే, కోప్పడకు. ఆ ఆటలో ఓసారి వరదొచ్చింది. చేనంతా కొట్టుకుపోయింది. ఇది పెట్టె బోర్లించి వెక్కివెక్కి ఏడ్చింది. ఆవేళ అన్నం తినలేదు, నువ్వు కడుపునొప్పనుకున్నావే, ఆ రోజు. మర్నాడు మళ్ళీ తెరిచి, పల్లం వదిలేసి మెరక మీద విత్తింది. ఆటలో ఎవరూ చెప్పలేదు, అదే చూసుకుంది. సరే, ఆట. ఆ తర్వాత బడిలో లెక్కల పరీక్ష తప్పింది…

తప్పింది. నీకు చెప్పలేదు. అందుకే కోప్పడకని ముందే అన్నా… తర్వాత తిడుదువుగాని. అయ్యా, కాస్త ఆగండి, ఆవిడ తిడుతోంది…

అయిందండీ. ఆ పేపరు తెచ్చి నా మిషను మీద పెట్టి, "నాన్నా, వరదొచ్చింది" అంది. అంతే అంది. నాకు తిట్టడానికి నోరు రాలేదండీ. మర్నాటినించి నేను మిషను తొక్కుతుంటే పక్కన కూర్చుని ఎక్కాలు మొదలెట్టింది. తర్వాతి పరీక్ష గట్టెక్కింది. నేను ఒక్క కుట్టు వంకరపోతే గుడ్డని తిట్టుకుంటూ పూటంతా పాడుచేసుకుంటాను. దానికి ఎక్కణ్ణించి వచ్చిందంటే నాకు తెలిసి ఆ ఆటలోంచే వచ్చింది.

అలాగని పళ్ళు తోముకోకపోవడం మంచిదని నేననడం లేదండీ. ఆవిడ తాళం వేసిందీ ఊరికే కాదు. రెండూ రాసుకోండి…

అంతేనండీ. ఇంకేం లేదు.

ఏమిటి… ఉన్నావా… మాట్లాడవేం. లైను పోయిందనుకున్నా… తిట్టడం ఆపేశావా. సరే.

ఏమీ లేదు, కొడుతున్నాడు. చివరికొచ్చినట్టున్నాడు. కాగితం మార్చాడు. ఉండు, బుడ్డమ్మనేదో అడుగుతున్నాడు…

అమ్మో.

తన దీపాల సంగతి అడుగుతున్నాడు. ఊళ్ళో అందరికీ ఉన్నప్పుడు నాకెన్ని అంటున్నాడు. దేవుడా, ఇది నిజం చెప్పేస్తుంది. కోర్టు కదా… చెప్పేసింది. ఒకటిన్నర.

ఎందుకంత తక్కువ అంటున్నాడు. బుడ్డమ్మా, చూసుకుని… "గుండీ తీసుకున్నందుకు అర, బంతి తీర్పుకి ఒకటి. మిగతా మూడున్నర మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నందుకు ఆగిపోయాయి" అంది. మొహం మీదే అంది. నావైపు చూడను కూడా చూడలేదు…

కళ్ళద్దాలు తీశాడు. తుడుస్తున్నాడు. ఇంకా తుడుస్తున్నాడు… నాకేం తెలుసు. ఇంట్లో గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టాలేమో. నీ అట్టపెట్టెలు ఉన్నాయిగా అక్కడ, మందులవి, ఓ పది తెచ్చుకో…

ష్. అడుగుతున్నాడు. "మిగతావి నేను వెలిగించుకోవాలంటే ఏం చేయాలి" అంటున్నాడు… ఇది తల అడ్డంగా ఊపింది. "మీవి మీరు వెలిగించుకోలేరు తాతగారూ. మేం వెలిగించాలి. మేం ఇక్కడ ఉంటేనే కదా" అంది.

నేను నేర్పలేదు. ఒట్టు. నాకే వస్తే పొద్దున చొక్కా ఎందుకిస్తాను.

కాగితం లాగాడు. లేచి నిలబడ్డాడు. నేనెలాగూ నిలబడే ఉన్నా… తీర్పు చదువుతాడు కాబోలు. విను, ఫోను ఎత్తి పట్టుకుంటా…

వినబడిందా… సరిగ్గా వినబడలేదా. నేను చెప్తా. తీర్పు కాదట. మొదటి ముద్దాయి స్వయంగా హాజరు కాలేదు కనక, ఫోన్లో చెప్పింది చెల్లదు కనక, కేసు వాయిదా. వచ్చే నెలకి…

వచ్చే నెలకే. నేనూ అదే అడిగా. అయ్యా, ఆవిడ సాయంత్రమే వచ్చేస్తుందండీ, వీధి దాటితే చాలండీ అన్నా. ఆయన నావైపు అదోలా చూశాడు. పొద్దున చొక్కాలోంచి బయటపడ్డప్పుడు చూసినట్టే. "సాయంత్రం ఈ కోర్టు పని చేయదు" అన్నాడు.

ఇంకా ఉంది, వినవే. కేసు తేలేదాకా ఫిర్యాదిగానీ ముద్దాయిలుగానీ ఇల్లు మారకూడదట. మారితే సమన్లు ఎక్కడికి పంపాలి అంటున్నాడు… అదే. ఇల్లు మారకూడదని. అదే అన్నాడు. టైపు కొట్టి మరీ అన్నాడు. నా చేతికిచ్చాడు. మధ్యాహ్నం ఆయన పడుకునే వేళ కుట్టుమిషను తొక్కకూడదు, అదొక్కటే షరతు…

ఉండొచ్చే. ఉండొచ్చు…

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా… ఏదైతేనేం. మొహం తుడుచుకుని కౌంటర్లోకి వెళ్ళు, చీటీలవాళ్ళు కాచుకుని ఉంటారు.

ఆఁ… ఏమిటి… తాళంచెవి ఎక్కడుందో చెప్తానంటావా. వద్దు వద్దు. నీ మనసు మంచిదే, కాదనను. ఆట పెట్టె ఇప్పుడిచ్చేశావనుకో, రాజీ అయిపోయినట్టే. రాజీ అయితే కేసుండదు. కేసు లేకపోతే… అదే కదా నేననేది. గేటుకి బోర్డు.

అవును, పాపం దానికి అన్యాయమే. కేసు ఎన్నాళ్ళు పడుతుందండీ… "చిన్న కేసులే ఏళ్ళు పడతాయి" అంటున్నారు. విన్నావుగా.

దానికెలా చెప్పను. అంత ఆడుకునే పిల్లకి, తేలేదాకా నీ ఊరూ నీ చేనూ బీరువాలోనే అని ఎలా… ఉండు. నా చొక్కా లాగుతోంది. ఏమిటమ్మా… అమ్మతోనే. తాళంచెవి ఇచ్చేస్తానంటోంది అమ్మ…

ఏమందో తెలుసా. ఇవ్వొద్దందే. "అమ్మని గట్టిగా ఉండమను నాన్నా. నేను ఇక్కడి దీపాలు చూసుకుంటా" అంది…

ఆఁ. ఏడేళ్ళ పిల్ల అది. మనకి పుట్టిందే.

ఆఁ అండీ. అయిపోయిందండీ, ఒక్క మాట… మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు, కొత్త కాగితం ఎక్కించాడు. నన్ను చూపించి ఏదో అడుగుతున్నాడు బుడ్డమ్మని… అయ్యో, ఇంకో కేసట. ఇంటి యజమాని వర్సెస్ దర్జీ. చొక్కా కేసు…

నువ్వు నవ్వడం కాదు, ఈసారి నేనే మొదటి ముద్దాయిని. వకీలు లేడు. బుడ్డమ్మా, నువ్వెటువైపు… ఆయన వైపట.

పెట్టేస్తానండీ. పెట్టేస్తున్నా. కోర్టు నడుస్తుండగా ఫోను మాట్లాడకూడదట. నువ్వు వచ్చేటప్పుడు అట్టపెట్టెలు తీసుకురా—

తీసుకురాకు. తీసుకురాకు అంటున్నా. పెట్టెలు వద్—